గెంతును అడుగుగా మార్చినవాడు

హర్డిల్స్ పరుగుపందెమా, దూకే పందెమా అన్న ప్రశ్నకు పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా స్పష్టమైన జవాబు లేదు. వరసగా నిలిపిన పది అడ్డంకులను దాటుకుంటూ గమ్యం చేరాలన్నదే ప్రధాన నియమం గనుక, చాలామంది ఆటగాళ్లు రెండు అడ్డంకుల నడుమ శక్తికొద్దీ పరుగెత్తి, అడ్డంకి దగ్గరపడగానే చేనిగట్టు మీది ముళ్లకంచె దాటే మనిషిలా కాళ్లు ముడుచుకుని పైకెగిరి, అవతల దిగి, తమాయించుకుని మళ్లీ పరుగు అందుకునేవారు. హర్డిల్స్ ముమ్మాటికీ పరుగేనని, అడ్డంకి మీద వేయవలసింది గెంతు కాదు, మామూలు అడుగు కంటే కాస్త పొడవైన అడుగు మాత్రమేనని చేసి చూపి, ఆ సందేహాన్ని తీర్చినవారిలో అగ్రగణ్యుడు అమెరికన్ అథ్లెట్ ఆల్విన్ క్రెంజ్‌లైన్. అతడు 1900 నాటి పారిస్ ఒలింపిక్స్‌లో మూడు రోజుల వ్యవధిలో నాలుగు పోటీలు గెలిచి, ఇరవై నాలుగో ఏడు నిండకముందే బరి నుంచి తప్పుకుని, ఆ తరువాత జీవితంలో చాలా భాగం ఇతరులకు పరుగు నేర్పడంలో గడిపాడు. ఒలింపిక్ చరిత్రలు అతని గురించి చెప్పేటప్పుడు ఆ నాలుగు విజయాల దగ్గరే ఆగిపోతాయి. కానీ పతకాల పట్టికలో కంటే, ఈనాటికీ ఏ హర్డిల్స్ పందెంలోనైనా అడ్డంకి మీదికి తిన్నగా చాచుకువెళ్లే కాలులోనే అతని గుర్తు ఎక్కువగా కనిపిస్తుంది.

హర్డిల్ అన్న ఇంగ్లిష్ మాటకు మూలార్థం తడిక. ఇంగ్లండ్‌లో గొర్రెల కాపరులు మందను ఒకచోట నిలపడానికి తాత్కాలికంగా పాతుకునే కొయ్య తడికలే ఈ ఆటకు తొలి పరికరాలు. 1864లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు అథ్లెటిక్స్‌లో మొదటిసారి తలపడే నాటికే 120 గజాల దూరం, మూడున్నర అడుగుల ఎత్తున్న పది అడ్డంకులు అనే లెక్క స్థిరపడింది. నేటి పురుషుల 110 మీటర్ల హర్డిల్స్‌లో కనిపించే విచిత్రమైన అంకెలన్నీ ఆ గజాల లెక్కకు వారసులే: అడ్డంకి ఎత్తు 106.7 సెంటీమీటర్లు అంటే మూడున్నర అడుగులు, మొదటి అడ్డంకి దాకా ఉండే 13.72 మీటర్లు అంటే 15 గజాలు, అడ్డంకికీ అడ్డంకికీ మధ్య ఉండే 9.14 మీటర్లు అంటే సరిగ్గా 10 గజాలు. తొలినాటి తడికలు నేలలో గట్టిగా పాతినవి కావడంతో కాలు తగిలితే అవి పడిపోయేవి కావు, మనిషే పడిపోయేవాడు. ఆ భయం ఉన్నంతకాలం ఆటగాడు అవసరమైన దానికంటే ఎత్తుగా ఎగరడం సహజమే.

అసలు చిక్కు ఆ ఎత్తులోనే ఉంది. పాదం నేలను వెనక్కి తన్నినప్పుడే శరీరం ముందుకు పోతుంది. గాలిలో ఉన్నంతసేపు తన్నడానికి నేల ఉండదు కాబట్టి వేగం పెరిగే అవకాశం లేదు. పైగా ఎంత ఎత్తుకు ఎగిరితే అంత బరువుతో కిందికి దిగాలి, దిగిన అదురుకు మోకాలు వంగాలి, వంగిన మోకాలు మళ్లీ లేవాలి. ఒక్కో అడ్డంకి దగ్గర సెకనులో పదో వంతు పోయినా పది అడ్డంకులకు ఒక సెకను పోతుంది, ఈ పందెంలో ఒక సెకనంటే మొదటివాడికీ చివరివాడికీ ఉండే తేడా. కాబట్టి గాలిలో గడిపే కాలాన్ని తగ్గించడమే హర్డిలర్ విద్యలో సగభాగం, మిగతా సగం అడుగుల లెక్క. అడ్డంకి దాటి దిగిన పాదం తరువాత సరిగ్గా మూడు అడుగులు వేసి, ఆ మూడో అడుగు నుంచే తరువాతి అడ్డంకి మీదికి లేవాలి. అడుగుల సంఖ్య నాలుగైతే ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు ముందు లేవవలసి వస్తుంది. అది ఎంతటివాడినైనా తడబెడుతుంది.

క్రెంజ్‌లైన్ పద్ధతిని దగ్గరగా చూస్తే ఈ రెండు సగాలూ ఎలా కలిశాయో అర్థమవుతుంది. అడ్డంకికి దాదాపు రెండు మీటర్ల దూరంలో ఉండగానే ముందు కాలి మోకాలు చురుగ్గా పైకి లేస్తుంది, వెంటనే మడమ ముందుకు పోయి కాలు దాదాపు తిన్నగా చాచుకుంటుంది. అదే సమయంలో ఛాతీ ఆ కాలి మీదికి వంగుతుంది, ఎదుటి వైపు చేయి కాలి వేలిని అందుకోబోతున్నట్టు ముందుకు సాగుతుంది. ముందు కాలు అడ్డంకి దాటిన మరుక్షణం దాన్ని నేల మీదికి విసురుగా దించుతారు, దానంతట అది దిగేదాకా ఆగరు. ఇంతలో వెనక కాలు మోకాలి దగ్గర మడుచుకుని, పక్కకు తిరిగి, అడ్డంకి పైభాగానికి సమాంతరంగా చుట్టుకుని వచ్చి తరువాతి అడుగుకు సిద్ధమవుతుంది. తల మాత్రం పరుగెత్తేటప్పుడు ఎంత ఎత్తులో ఉందో అడ్డంకి మీదా దాదాపు అంతే ఎత్తులో ఉండాలి. అడ్డంకులు కనబడకుండా గోడ చాటు నుంచి చూసేవారికి తలలు మాత్రమే కనిపిస్తే, అది హర్డిల్స్ పందెమని తెలియకపోవడమే మంచి హర్డిలర్‌కు గీటురాయి.

కాలు చాచి దాటే ఆలోచన పూర్తిగా క్రెంజ్‌లైన్ సొంతమని చెప్పడం న్యాయం కాదు. 1880ల మధ్యలోనే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి ఆర్థర్ క్రూమ్ ముందు కాలును తిన్నగా చాచి అడ్డంకులు దాటాడు. అయితే ఆ రీతిని వేగంతో జోడించి, గెలుపులతో రుజువు చేసి, మరెవరూ పాత పద్ధతికి తిరిగిపోలేని స్థితి తెచ్చినవాడు మాత్రం క్రెంజ్‌లైనే. ఒక పని మొదటిసారి చేసినవాడు ఒకడైతే, అది తప్ప మరో దారి లేదని లోకానికి తెలియజెప్పినవాడు మరొకడు కావడం ఆటల చరిత్రలో తరచూ జరిగేదే, ఆ రెండోవాడి పేరు నిలవడంలో అన్యాయమూ లేదు.

అతడు 1876 డిసెంబర్ 12న అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో పుట్టాడు. తరువాత కుటుంబం మిల్వాకీ నగరానికి మారింది. జర్మనీ నుంచి వలస వచ్చినవారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఊరది, క్రెంజ్‌లైన్ అన్న ఇంటిపేరు కూడా జర్మన్‌దే. అతని జీవితంలో జర్మనీ మరోసారి ఎదురవుతుంది కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోదగినది. మొదట విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరిన అతడు, అక్కడి నుంచి ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి మారి దంతవైద్యం చదివాడు. అతణ్ని అక్కడికి రప్పించినవాడు ఆ విశ్వవిద్యాలయ శిక్షకుడు మైక్ మర్ఫీ.

ఆనాటి శిక్షకుడంటే ఎవరో కొంత చెప్పుకోవాలి. ఇప్పటి కోచ్‌లా వీడియోలు, కొలతలు, శాస్త్రీయ పట్టికలు పట్టుకు తిరిగే నిపుణుడు కాడు అతడు. మన తాలింఖానా ఉస్తాదులాగా ఒళ్లు మర్దన చేయించడం, తిండీ నిద్రా అదుపులో పెట్టడం, ఎప్పుడు ఎంత శ్రమ చేయించాలో కంటిచూపుతో పసిగట్టడం అతని పని. మర్ఫీ వీటన్నిటిలోనూ ఆరితేరినవాడే గాక, కొత్త పద్ధతులను పరీక్షించే ధైర్యం ఉన్నవాడు. పరుగు మొదట్లో నిటారుగా నిలబడే అలవాటు మాన్పించి, రెండు చేతులూ నేల మీద ఆనించి వంగి లేచే పద్ధతిని అమెరికాలో ప్రచారంలోకి తెచ్చినవారిలో అతని పేరు ముందుంటుంది. అతని చేతిలో పడ్డాక క్రెంజ్‌లైన్ 1898లో 120 గజాల ఎత్తు హర్డిల్స్‌ను 15.2 సెకన్లలో, 220 గజాల తక్కువ ఎత్తు హర్డిల్స్‌ను 23.6 సెకన్లలో ముగించాడు. రెండున్నర అడుగుల అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆ రెండో పందెంలో అతని రికార్డు దాదాపు పాతికేళ్లు చెక్కుచెదరలేదు. లాంగ్ జంప్‌లోనూ 1899లో ప్రపంచ రికార్డు అతనిదే, కానీ 1900 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోనే సిరక్యూస్ విశ్వవిద్యాలయానికి చెందిన మేయర్ ప్రిన్‌స్టీన్ ఏడున్నర మీటర్లు దూకి దాన్ని లాగేసుకున్నాడు.

1900 పారిస్ ఒలింపిక్స్ ఇప్పటి ఒలింపిక్స్‌ను ఊహించుకుని చదవకూడని క్రీడోత్సవం. అది ఆ ఏడాది పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఒక అనుబంధంలా నడిచింది, పోటీలు మే నుంచి అక్టోబర్ దాకా సాగాయి, తాము పాల్గొన్నది ఒలింపిక్స్ అని తెలియని ఆటగాళ్లు కూడా ఉన్నారు. అథ్లెటిక్స్‌కు దొరికిన చోటు బులోన్య వనంలోని ఒక క్లబ్బు మైదానం. అక్కడ ప్రత్యేకంగా వేసిన ట్రాక్ లేదు, చెట్ల మధ్య పచ్చికలో 500 మీటర్ల చుట్టు మాత్రమే ఉంది. నేల ఎగుడుదిగుడుగా ఉండేది, డిస్కస్ విసిరితే పోయి చెట్లకు తగిలేది. గెలిచినవారికి బంగారు, వెండి, కంచు పతకాలిచ్చే ఆచారం 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌తోనే మొదలైంది గనుక, క్రెంజ్‌లైన్ నాలుగు బంగారు పతకాలు గెలిచాడని ఈనాడు రాస్తున్నది వెనక్కి తిరిగి లెక్కగట్టిన మాటే. అమెరికా తరఫున అధికారిక జట్టు అంటూ కూడా లేదు. విశ్వవిద్యాలయాలూ క్లబ్బులూ ఎవరి ఖర్చు వారు పెట్టుకుని తమ ఆటగాళ్లను పంపాయి. పారిస్ చేరేముందు వారిలో కొందరు లండన్‌లో ఆగి బ్రిటిష్ చాంపియన్‌షిప్‌లో పోటీ చేశారు, క్రెంజ్‌లైన్ అక్కడ హర్డిల్స్, లాంగ్ జంప్ రెండూ గెలిచి వచ్చాడు.

జూలై 14న 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌లో అతడు 15.4 సెకన్లతో మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి జాన్ మెక్‌లీన్‌ను వెనక్కి నెట్టాడు. మరునాడు 60 మీటర్ల పరుగును 7.0 సెకన్లలో గెలిచాడు. అదే రోజు జరిగిన లాంగ్ జంప్ మాత్రం అతని పేరుకు అంటుకున్న ఒక వివాదాన్ని మిగిల్చింది.

ఆ రోజు ఆదివారం. క్రైస్తవ సంప్రదాయంలో ఆదివారం విశ్రాంతికీ ప్రార్థనకూ కేటాయించిన రోజు కావడంతో ఆ దినం ఆటలాడరాదని అమెరికాలోని చాలా విద్యాసంస్థలు పట్టుబట్టాయి. సిరక్యూస్ కూడా వాటిలో ఒకటి. ప్రిన్‌స్టీన్ యూదుడు, అతని మతంలో విశ్రాంతి దినం శనివారం. అయినా శనివారం జరిగిన అర్హత పోటీలో దూకిన అతడు, తన విద్యాసంస్థ ఆజ్ఞకు కట్టుబడి ఆదివారపు ఫైనల్‌కు దూరంగా ఉండిపోయాడు. అర్హత పోటీలో దూకిన దూరం కూడా లెక్కలోకి వచ్చే నియమం ఉండడంతో అతని 7.175 మీటర్లు ఆదివారం ఉదయానికి అగ్రస్థానంలోనే ఉన్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆదివారపు నిర్ణయాన్ని ఆటగాళ్ల మనస్సాక్షికే వదిలిపెట్టింది. క్రెంజ్‌లైన్ వచ్చాడు, దూకాడు, 7.185 మీటర్లతో గెలిచాడు. తేడా ఒక్క సెంటీమీటరు, అంటే చిటికెనవేలి వెడల్పు. సోమవారం మళ్లీ తలపడదామని ప్రిన్‌స్టీన్ సవాలు చేస్తే ఇతడు ఒప్పుకోలేదనీ, కోపం ఆపుకోలేక ప్రిన్‌స్టీన్ చేయి చేసుకున్నాడనీ చెబుతారు. నియమాల ప్రకారం క్రెంజ్‌లైన్ చేసిన తప్పేమీ లేదు, కానీ ప్రత్యర్థి చేతులు కట్టేసి ఉన్నప్పుడు సాధించిన ఆ సెంటీమీటరును మిగిలిన మూడు విజయాలతో సమానంగా తూచడం కష్టం. ప్రిన్‌స్టీన్ ఆ సోమవారమే ట్రిపుల్ జంప్ గెలుచుకుని, నాలుగేళ్ల తరువాత సెయింట్ లూయిస్‌లో రెండు జంప్‌లూ గెలిచి బాకీ తీర్చుకున్నాడు.

క్రెంజ్‌లైన్ నాలుగో విజయం 200 మీటర్ల హర్డిల్స్. భారతీయ పాఠకులకు ఈ పందెంతో ఒక చుట్టరికం ఉంది. అందులో రెండో స్థానంలో వచ్చినవాడు కలకత్తాలో పుట్టి, అక్కడి సెయింట్ జేవియర్స్‌లో చదివిన నార్మన్ ప్రిచర్డ్. అతడు ఇంగ్లిష్ కుటుంబానికి చెందినవాడు, పోటీకి దిగింది బ్రిటన్ తరఫునా భారత్ తరఫునా అన్న వాదన ఇప్పటికీ ముగియలేదు. అయినా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అతని రెండు రజతాలను, అంటే ఈ హర్డిల్స్‌తో పాటు 200 మీటర్ల పరుగులో వచ్చినదాన్ని కూడా, భారతదేశం ఖాతాలోనే రాసింది. ఆ లెక్కన ఒలింపిక్ పతకాల పట్టికలో భారతదేశం పేరు మొట్టమొదట చేరింది క్రెంజ్‌లైన్ వెనకే. ప్రిచర్డ్ తరువాత నార్మన్ ట్రెవర్ అన్న పేరుతో నాటకరంగంలోనూ హాలీవుడ్ మూకీ చిత్రాల్లోనూ నటించి 1929లో మరణించాడు. ఇద్దరూ పోటీపడిన 200 మీటర్ల హర్డిల్స్ మాత్రం 1904 తరువాత ఒలింపిక్స్ నుంచే తొలగిపోయింది. సరిగ్గా 124 ఏళ్లకు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో పరుగెత్తింది. మహిళల అడ్డంకుల ఎత్తు 83.8 సెంటీమీటర్లే, నడుమ దూరం 8.5 మీటర్లే, కానీ మూడు అడుగుల లెక్కా, చాచిన ముందు కాలూ అవే.

పారిస్ నుంచి తిరిగి వచ్చాక క్రెంజ్‌లైన్ పోటీలు చాలించి ఫిలడెల్ఫియాలో కొంతకాలం దంతవైద్యం చేశాడు. అతణ్ని మైదానం మళ్లీ పిలిచింది, అయితే ఈసారి పిలుపు శిక్షకుడి వేషంలో వచ్చింది. ఈ మార్పు పైకి కనిపించినంత తేలికైనది కాదు. ఆ కాలపు క్రీడాలోకాన్ని శాసించినది అమెచ్యూర్ సూత్రం, అంటే ఆట ద్వారా ఒక్క పైసా కూడా సంపాదించనివాడే నిజమైన ఆటగాడన్న నియమం. పరుగు నేర్పి జీతం తీసుకున్నా డబ్బుకు ఆడినట్టే లెక్క, అలాంటివాడికి పోటీల తలుపులు మూసుకుపోయేవి. ఎక్కడో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో జిమ్ థోర్ప్ ఒలింపిక్ పతకాలను 1913లో లాగేసుకున్న కాలం అది. ఇంగ్లండ్ పెద్దమనుషులకైతే జీతగాడైన శిక్షకుడి సాయంతో గెలవడమే నామోషీగా తోచేది. అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఆ నామోషీని పక్కన పెట్టి శిక్షకులకు జీతాలిచ్చి నిలబెట్టుకోవడం వల్లనే ఆ తరంలో అమెరికా పరుగువీరులు అన్ని దేశాలనూ మించిపోయారన్నది కాదనలేని సంగతి.

పెన్సిల్వేనియాలోని మెర్సర్స్‌బర్గ్ అకాడమీ అనే పాఠశాలలో మొదలైన అతని శిక్షకవృత్తి 1910లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చేరింది. పారిస్‌లో తాను ఓడించిన మెక్‌లీన్ చదువుకున్నది అక్కడే. ఆ కాలంలో మిషిగన్‌లో ఉన్న రాల్ఫ్ క్రెయిగ్ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100, 200 మీటర్ల పరుగులు రెండూ గెలిచాడు. హర్డిలర్ చేతికింద తయారైనవాడు అడ్డంకుల్లేని పరుగులో ప్రపంచ విజేత కావడంలో ఆశ్చర్యం లేదు. పాదం నేల మీద ఉన్నప్పుడే పరుగు పుడుతుందన్న సత్యం హర్డిలర్‌కు తెలిసినంత బాగా మరొకరికి తెలియదు. క్రెయిగ్ 36 ఏళ్ల తరువాత 1948 లండన్ ఒలింపిక్స్‌కు పడవ పందేల జట్టులో సభ్యుడిగా వెళ్లి, ప్రారంభోత్సవంలో అమెరికా జెండా మోశాడు.

స్టాక్‌హోమ్ మరో దేశానికి వేరే పాఠం నేర్పింది. ఆతిథ్య దేశమైన స్వీడన్, అమెరికాలో అనుభవం గడించిన ఎర్నీ యెర్ట్‌బెర్గ్‌ను శిక్షకుడిగా పెట్టుకుని అథ్లెటిక్స్‌లో మంచి ఫలితాలు రాబట్టింది. 1916 ఒలింపిక్స్ నిర్వహణ బెర్లిన్‌కు దక్కడంతో, సొంతగడ్డ మీద తలవంపులు రాకూడదనుకున్న జర్మన్లు అదే దారి పట్టారు. 1913లో బెర్లిన్ శివార్లలోని గ్రూనవాల్డ్‌లో చక్రవర్తి రెండో విల్హెల్మ్ కొత్త స్టేడియాన్ని ప్రారంభించాడు. ఆ ఏడాదే కార్ల్ డీమ్ తదితర జర్మన్ క్రీడాధికారులు అమెరికా వెళ్లి అక్కడి శిక్షణ పద్ధతులను పరిశీలించి, జర్మన్ ఇంటిపేరున్న క్రెంజ్‌లైన్‌తో ఐదేళ్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. ఒప్పందం విలువ 50,000 డాలర్లని పుస్తకాలు చెబుతాయి. నిజంగా అంతే అయితే, పరుగు నేర్పే మనిషికి ఆనాడు ఎవరూ ఊహించని మొత్తమది. జర్మనీలో అప్పటిదాకా రాజ్యమేలింది టుర్నెన్ అనే వ్యాయామ పద్ధతి, అంటే బార్‌ల మీద, గుర్రం లాంటి చెక్క పరికరాల మీద అందరూ ఒకే తాళానికి చేసే సామూహిక సాధన. గడియారంతో పోటీపడే పరుగును టుర్నెన్ పెద్దలు పరాయి దేశపు మోజుగా చూసేవారు. అలాంటి చోట అమెరికన్ పద్ధతి పాదుకోవాలంటే కాలం పడుతుంది. ఆ కాలమే క్రెంజ్‌లైన్‌కు దొరకలేదు.

1914 జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది, ఆగస్టు మొదటివారానికి యూరప్ యుద్ధంలో పడింది. బెర్లిన్ ఒలింపిక్స్ జరగలేదు. ఐదేళ్ల ఒప్పందంలో ఏడాది తిరక్కుండానే క్రెంజ్‌లైన్ పని ఆగిపోయింది. అతడు స్వదేశానికి తిరిగి వెళ్లి, అమెరికా యుద్ధంలోకి దిగాక సైనికులకు శరీర శిక్షణ ఇచ్చే బాధ్యత తీసుకున్నాడు. జర్మన్ కుర్రాళ్లకు పరుగు నేర్పిన మనిషే, వారి మీదికి పోయే సేనకు పరుగు నేర్పాడన్నమాట. యుద్ధం ముగిశాక 1920లోనూ 1924లోనూ జర్మనీని ఒలింపిక్స్‌కు పిలవలేదు. ఆ దేశం మళ్లీ వేసవి ఒలింపిక్ బరిలో దిగింది 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, అప్పటికి క్రెంజ్‌లైన్ లేడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సహాయ శిక్షకుడిగా, చలికాలాల్లో క్యూబాలో శిక్షకుడిగా చివరి ఏళ్లు గడిపిన అతడు, ఆ ఏడాది జనవరి 6న విల్క్స్‌బారీ పట్టణంలో 51వ ఏట గుండెజబ్బుతో కన్నుమూశాడు.

శిక్షకుడిగా క్రెంజ్‌లైన్‌ను తూచాలంటే అదే బాటలో నడిచిన మరో హర్డిలర్‌ను పక్కన నిలబెట్టి చూడాలి. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు, 200 మీటర్ల హర్డిల్స్, 400 మీటర్ల హర్డిల్స్ గెలిచిన హ్యారీ హిల్‌మన్, 1910లో డార్ట్‌మత్ కళాశాలలో శిక్షకుడిగా చేరి 1945లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు. అతని శిష్యుడు, కెనడాకు చెందిన ఎర్ల్ థామ్సన్, 1920 ఆంట్వర్ప్ ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌ను 14.8 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. ఆ థామ్సనూ శిక్షకుడై 1927 నుంచి 1963 దాకా అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేశాడు. గురువు 35 ఏళ్లు, శిష్యుడు 36 ఏళ్లు ఒకేచోట పాతుకుపోయి తరాల కొద్దీ కుర్రాళ్లను తీర్చిదిద్దారు. క్రెంజ్‌లైన్‌కు అలాంటి స్థిరమైన చోటు ఏదీ దక్కలేదు. నేర్పు విషయంలో అతడు హిల్‌మన్‌కు తీసిపోయాడనడానికి ఆధారం లేదు, కానీ శిక్షకుడి పని చెట్టు పెంచడం లాంటిది. ఒక్కచోట ఉండి నీళ్లు పోయనిదే కాయ కాయదు. మిషిగన్‌ను వదిలి బెర్లిన్ వెళ్లడం ఆనాటికి తెలివైన నిర్ణయమే అయినా, వృత్తిపరంగా అతణ్ని దెబ్బతీసింది అదే. ఆటగాడిగా మూడు రోజుల్లో సాధించినదానికి దీటైనదాన్ని శిక్షకుడిగా రెండు దశాబ్దాల్లో కూడా అతడు సాధించలేకపోయాడని ఒప్పుకోక తప్పదు, ఆ వైఫల్యంలో పెద్ద వాటా మాత్రం యుద్ధానిదే.

అతడు పనిచేసిన చోట్లలో రెండు తరువాత మరొకరి పేరుతో ప్రసిద్ధికెక్కాయి. 1935 మే 25న మిషిగన్ విశ్వవిద్యాలయపు ఫెర్రీ ఫీల్డ్ మైదానంలో జెస్సీ ఓవెన్స్ గంట సేపట్లో నెలకొల్పిన ప్రపంచ రికార్డుల్లో ఒకటి లాంగ్ జంప్‌లో, మరొకటి 220 గజాల హర్డిల్స్‌లో. రెండూ ఒకప్పుడు క్రెంజ్‌లైన్ ఏలిన అంశాలే. ఆ హర్డిల్స్‌కు ఓవెన్స్ తీసుకున్నది 22.6 సెకన్లు, అంటే 37 ఏళ్ల నాటి క్రెంజ్‌లైన్ కాలానికి సరిగ్గా ఒక సెకను తక్కువ. 1916 కోసం గ్రూనవాల్డ్‌లో కట్టిన స్టేడియాన్ని పడగొట్టి, అదే స్థలంలో 1936 ఒలింపిక్స్‌కు కొత్త స్టేడియం లేపారు. ఆ పోటీల నిర్వహణ బాధ్యత మోసినది కార్ల్ డీమే. అక్కడ ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు గెలిచాడు. వాటిలో ఒకటి నలుగురు కలిసి పరుగెత్తే రిలే కాబట్టి, ఒకే ఒలింపిక్స్ అథ్లెటిక్స్‌లో నాలుగు వ్యక్తిగత పోటీలు గెలిచినవారి లెక్కలో నేటికీ ఉన్నది ఒక్క పేరే, అది క్రెంజ్‌లైన్‌ది.